బొమ్మ అయ్యాక

శ్రీకాకుళం జిల్లా అయిదేళ్ల వ్యవధిలో రెండుసార్లు వెండితెర మీద తన్ను తాను చూసుకుంది. 2020 మార్చి 6న కరుణకుమార్ తీసిన ‘పలాస 1978’ విడుదలైంది. జీడిపప్పు వ్యాపారం, షావుకార్లు, వాళ్ల కింద పనిచేసే అన్నదమ్ములు, కులం గీసిన గీత దాటబోతే ఎదురయ్యేది ఏమిటన్నది అందులో కథ. రెండు వారాలు తిరక్కుండానే కరోనా వచ్చి హాళ్లకు తాళాలు పడ్డాయి. 2025 ఫిబ్రవరి 7న చందూ మొండేటి ‘తండేల్’ వచ్చింది. గుజరాత్ వెరావల్ నుంచి వేటకెళ్లి 2018 చివర్లో పాకిస్తాన్ చేతికి చిక్కి, కరాచీ జైల్లో మగ్గి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇళ్లకు చేరిన మత్స్యలేశం జాలర్ల అనుభవమే దానికి మూలం. ఈ రెండు సినిమాల మీదా టీకొట్ల దగ్గర చెప్పుకోవలసినంత చెప్పుకున్నారు. యాస సరిగ్గా పలికిందా, మన సముద్రం అలాగే ఉంటుందా, మనవాళ్లు అంత కోపిష్టులా అని. ఆ కబుర్లు కాలేజీ గదుల్లోకి కూడా రావాలని ఈ నాలుగు మాటలూ.

ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా పుట్టి 2008లో సొంత విశ్వవిద్యాలయమైంది. పలాస, టెక్కలి, కవిటి, కంచిలి వైపు నుంచి వచ్చిన పిల్లలు అక్కడ చదువుతున్నారు. టెక్కలిలోనే ఇంజనీరింగు కాలేజీ ఉంది, డిగ్రీ కాలేజీ ఉంది. వీటిలో ఎక్కడైనా నెలకో సినిమా అందరూ కలిసి చూసి, తర్వాత ఒక అరగంట కూర్చుని మాట్లాడుకునే అలవాటు పడితే బాగుంటుంది. కొత్త భవనం అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు.

మన కాలేజీలకు సినిమా రావడం కొత్తేమీ కాదు. విడుదలకు వారం ముందు కార్లలో వస్తుంది. గేటు దగ్గర ఫ్లెక్సీ, వేదిక మీద రెండు స్టెప్పులు, మైకులో ఊరి పేరెత్తి ఒక పొగడ్త, సెల్ఫీలు. గంటన్నరలో సరంజామా సర్దుకుని పక్క జిల్లాకు పోతుంది. పిల్లలకు సరదా, తప్పుపట్టేదేమీ లేదు. కాకపోతే ఆ గంటన్నరలో సినిమా గురించి ఒక్క ప్రశ్న అడిగే వీలుండదు. ఎవరైనా మైకు అందుకున్నా, మీకు ఇష్టమైన వంటకం ఏమిటన్న చోటే ఆగిపోతుంది.

1947లో కలకత్తాలో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా, మరికొందరు మిత్రులు ఫిల్మ్ సొసైటీ పెట్టుకున్నప్పుడు వాళ్ల కష్టమల్లా సినిమా సంపాదించడం. 1959లో ఇలాంటి సొసైటీలు కొన్ని కలిసి సమాఖ్య కట్టుకున్నాయి. 1974లో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ మొదలైంది. రాయబార కార్యాలయాల నుంచో, పుణే ఆర్కైవ్ నుంచో రీళ్ల డబ్బాలు తెప్పించుకోవడం, చూడడం, భద్రంగా తిప్పి పంపడం, ఇదే పెద్ద పని. ఆ డబ్బాల బెంగ ఇప్పుడు లేదు. ఐజెన్‌స్టీన్ దగ్గర్నుంచి మొన్నటి మలయాళ చిత్రం దాకా హాస్టల్ మంచం మీదికే వచ్చేస్తున్నాయి. ఒక గదిలో నలుగురు నాలుగు ఫోన్లలో నాలుగు సినిమాలు చూస్తారు. పొద్దున్న మెస్సులో దాని ఊసే రాదు. ఎలా వస్తుంది, పక్కవాడు ఆ సినిమా చూసి ఉండడు కదా! పోట్లాడుకోవాలన్నా ముందు ఇద్దరూ ఒకటే చూసి ఉండాలి.

నిజానికి పోట్లాటల విషయంలో ఈ జిల్లాకు మంచి చరిత్రే ఉంది. కాళీపట్నం రామారావు 1964లో ‘యజ్ఞం’ రాశారు. అప్పు పేరుతో తరతరాలు కట్టుబడిపోయే బతుకు వద్దని సీతారాముడు కన్నకొడుకునే నరికేసే ఆ ముగింపు న్యాయమా, అసలు ఆ కథ ఎవరి పక్షం అని దశాబ్దాల పాటు వాదించుకున్నారు. వ్యాసాలకు వ్యాసాలు రాసుకున్నారు. ఆ కథ ఉన్న సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1997లో రామారావు మాస్టారు శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. కథల కోసం ఒక ఇల్లు కట్టుకున్న ఊరు మనది. ఒక్క కథ మీద అన్నేళ్లు తగువు పెట్టుకోగలిగిన చోట, సినిమా మీద అరగంట మాట్లాడుకోలేమా?

‘యజ్ఞం’ పక్కన పెట్టి చూడదగిన తెలుగు సినిమా ఒకటుంది. మృణాల్ సేన్ 1977లో తీసిన ‘ఒక ఊరి కథ’. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ దానికి ఆధారం. వెంకయ్య, అతని కొడుకు కిష్టయ్య పని చెయ్యరు. ఒళ్లు హూనం చేసుకున్నా మిగిలేది కామందుకే అయినప్పుడు ఎందుకు చెయ్యాలని ముసలాడి లెక్క. ఆ లెక్కలో పస ఉంది. కానీ ఇంటికొచ్చిన కోడలు నీలమ్మ రెక్కలు ముక్కలు చేసుకుని వాళ్లకు ఇంత ముద్ద పెడుతుంది, చివరికి పురిటినొప్పులతో దిక్కులేని చావు చస్తుంది. ఆవిడ శవానికి గుడ్డ కావాలని ఆ తండ్రీకొడుకులే ఊరంతా అడుక్కుంటారు. వెంకయ్యది తిరుగుబాటా, సోమరితనమా? తిరుగుబాటే అయితే దాని ఖరీదు నీలమ్మ ఎందుకు కట్టింది? అక్కడ కొడుకును చంపుకున్న సీతారాముడు, ఇక్కడ పని మానేసిన వెంకయ్య. ఇద్దరూ ఒకే దోపిడికి జవాబు చెబుతున్నారు, ఆ జవాబుకు బలైంది మాత్రం ఇద్దరి ఇళ్లలోనూ తమకంటే బలహీనులే. ఒక శుక్రవారం కథ చదివి మర్నాడు సినిమా చూస్తే ఎమ్మే తెలుగు పిల్లలకు, అర్థశాస్త్రం పిల్లలకు కూడా సెమిస్టరంతా సరిపోయే సరుకు.

అయితే చర్చ అనగానే మనకో జబ్బుంది. మాస్టారు లేచి, ఈ చిత్రం మనకిచ్చే సందేశమేమిటో ఎవరైనా చెప్పండి అంటారు. హాలంతా నోటికి తాళం వేసుకుంటుంది. ముందు వరసలో ఒక అమ్మాయి లేచి పుస్తకాల తెలుగులో నాలుగు ముక్కలు అప్పజెబుతుంది, చప్పట్లు కొట్టి ముగిస్తారు. సందేశం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఎక్కడ నీకు కోపం వచ్చింది, ఎక్కడ ఇది అబద్ధం అనిపించింది అని అడిగి చూడండి. ‘పలాస 1978’ చూశాక ఆ ప్రశ్న వేస్తే కాశీబుగ్గ పిల్లో, పిల్లడో తప్పక నోరు విప్పుతారు. జీడిపిక్క పగలగొడితే కారే రసం చేతికి తగిలితే చర్మం కాలుతుంది. తల్లి ఆ పనికి పోయే పిల్లకు ఆ చేతులు తెలుసు. కెమెరా ఆ చేతుల మీద ఎంతసేపు ఆగిందో, పోట్లాటల మీద ఎంతసేపు నిలబడిందో ఆ పిల్ల చెప్పినట్టు ఏ సమీక్షకుడూ చెప్పలేడు. ఆ మాట ఇంట్లో మాట్లాడే మాటలోనే వస్తుంది. “ఏటి సార్, మా అమ్మోలు అలగ ఉండరు” అని మొదలెడితే, దాన్ని దిద్దడానికి ఎవరూ లేవకూడదు. ‘తండేల్’కూ అంతే. ప్రేమకథ బాగుందని అందరూ అంటారు. 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా నుంచి జాలరి వలపని వెతుక్కుంటూ గుజరాత్ దాకా ఎందుకు పోవలసి వచ్చిందో సినిమా ఎంత చెప్పింది, ఎంత దాటవేసింది అన్నది మత్స్యకార కుటుంబాల పిల్లలు తేల్చవలసిన లెక్క.

ఉద్దానం విషయంలో మాత్రం కాస్త ఆచితూచి నడవాలి. అక్కడి కిడ్నీ జబ్బు మీద ఏళ్ల తరబడి కెమెరాలు వస్తూనే ఉన్నాయి. కొబ్బరితోట, మంచం మీద మనిషి, విషాద సంగీతం. జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధనాసుపత్రి ప్రారంభమైంది, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం వచ్చింది. అలాంటి డాక్యుమెంటరీ హాల్లో వేసినప్పుడు, సోంపేటలోనో కవిటిలోనో నాన్నను డయాలసిస్‌కు తీసుకెళ్లి వచ్చిన కుర్రాడు నాలుగో వరసలో ఉండొచ్చు. ఏం చూపిస్తున్నామో ముందే చెప్పాలి, వద్దనుకున్నవాళ్లు బయటికి వెళ్లే వీలుండాలి. మాట్లాడమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. అలాగని ఆ సినిమాలు దాచెయ్యనూ కూడదు. మనూరి గురించి పైవాళ్లు ఎలా చెబుతున్నారో మొదట తెలియవలసింది మనకే.

కాపీరైటు మాటేమిటని ప్రిన్సిపాల్ గారు అడగవచ్చు, అడగాలి కూడా. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లోనే వెసులుబాటుంది. విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా, చూసేవాళ్లు అక్కడి విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధమున్నవారు మాత్రమే అయినప్పుడు సినిమా చూపడం ఉల్లంఘన కిందికి రాదు. టికెట్టు పెట్టి ఊరందరినీ పిలిస్తే లెక్క మారిపోతుంది. దొంగ కాపీ వెయ్యడం, ఎవరి సొంత ఓటీటీ ఖాతానో తెరమీద తెరవడం వేరే సంగతులు, వాటి జోలికి పోకపోవడమే మంచిది. డీవీడీ కొనొచ్చు. చిన్న దర్శకులైతే ఒక ఉత్తరం రాసినా ఒప్పుకోవచ్చు.

అసలు భయం అక్కడ లేదేమో. పెద్ద క్యాంపసుల్లో సినిమా ప్రదర్శన వార్తల్లోకి వచ్చేది అది ఆగినప్పుడే. 2019 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆనంద్ పట్వర్ధన్ ‘రామ్ కే నామ్’ వేస్తుండగా పోలీసులు వచ్చి విద్యార్థులను తీసుకెళ్లారు. అది జాతీయ అవార్డు పొందిన చిత్రం, కోర్టు ఆదేశంతో 1997లో దూరదర్శన్‌లో ప్రసారమైన చిత్రం. అయినా గొడవ తప్పలేదు. ఇది తలుచుకుని మన జిల్లా అధికారులు అసలు తెరే కట్టొద్దనుకోవచ్చు. మాకు వేరేలా తోస్తుంది. నెలనెలా ఏదో ఒకటి చూస్తూ, ఒకరి మాట ఒకరు వింటూ అలవాటుపడిన పిల్లలు కొరకరాని సినిమా వచ్చినప్పుడు కూడా కుర్చీల్లో కూర్చునే వాదించుకుంటారు. ఏడాదికొకటే వేసి, అదీ వివాదాలదే వేస్తే సినిమా కన్నా ముందు జెండాలు వస్తాయి. సినిమాల ఎంపిక ఎక్కువగా విద్యార్థులకే వదలాలి. అయితే ఒక నెల అమ్మాయిలు, ఒక నెల అబ్బాయిలు, ఒక నెల మెస్సు సిబ్బంది ఎంచుకోవాలి. మెస్సు సిబ్బంది నెలలో పాత కృష్ణ సినిమా వచ్చినా మొహం మాడ్చకూడదు.

ఇక పనికొచ్చే చిన్న సంగతులు. ప్రొజెక్టరు ప్రతి కాలేజీలో ఉంది, మంచి స్పీకర్లే ఉండవు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా కళ్లు సర్దుకుంటాయి, మాట వినపడకపోతే పదో నిమిషంలో సగం హాలు ఫోన్లలోకి పోతుంది. సీలింగు ఫ్యాన్ల రొద కూడా లెక్కలోకి తీసుకోవాలి. సబ్‌టైటిళ్లు చదవడం అలవాటు లేని పిల్లలకు మొదటి నాలుగైదు నెలలూ తెలుగు సినిమాలే వెయ్యడం నయం. అన్నిటికన్నా ముఖ్యం వేళ. సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే, చర్చ వేడెక్కే సరికి అమ్మాయిల హాస్టల్ గేటు వేళవుతుంది, వాళ్లు లేచిపోతారు. పలాస వైపు బస్సు పట్టుకోవాల్సినవాళ్లు అంతకు ముందే లేస్తారు. మిగిలేది హాస్టల్ మగపిల్లలు, వాళ్ల అభిప్రాయాలు. అందుచేత శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒంటిగంటన్నరకే మొదలుపెట్టాలి. దీపాలు వెలిగాక పావుగంట టీ, ఆ పైన అరగంట మాటలు. ముఖ్య అతిథి అంటూ ఎవరైనా వస్తే ఆయనకు అయిదు నిమిషాలు చాలు, అవీ ఆఖర్న. అప్పటికి పిల్లలు చెప్పిందంతా విని కూర్చున్నవాడు కాబట్టి, ఇంటి దగ్గర రాసుకొచ్చిన కాగితం జేబులోంచి తీయడానికి కొంచెం మొహమాటపడతాడు.