కట్టు కింద దాగిన లెక్క

2016లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో ఎందరు చనిపోయారు? ప్రభుత్వ లెక్క 1,50,785. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా దాదాపు 2,99,000. సగానికి సగం తేడా! చావుల లెక్కే ఇలా ఉంటే గాయాల సంగతి చెప్పేదేముంది? 2022లో 1,68,491 మంది చనిపోయారని, 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. అంటే, ఒక్కో మృతికి ముగ్గురైనా గాయపడలేదన్నమాట. పెద్దాసుపత్రి క్యాజువాల్టీని ఒక్క రాత్రి చూసినవారెవరూ ఈ మాట నమ్మరు.

ఈ ప్రభుత్వ అంకెలన్నీ పోలీసు రికార్డుల్లోంచి వచ్చినవే. కేసు కాకపోతే ప్రమాదం జరగనట్టే లెక్క. హైదరాబాద్‌లో జరిపిన ఓ సర్వే 2008లో అచ్చయింది. ఆస్పత్రిలో చేరేంతగా గాయపడినవారిలో సైతం ఐదో వంతు మంది కూడా పోలీసులకు చెప్పలేదని అందులో తేలింది. బండి జారి తనంతట తాను పడ్డవాడు ఎవరిమీద ఫిర్యాదు చేస్తాడు?

పోలీసుల దగ్గరికి వెళ్లకపోయినా ఆస్పత్రికి వెళ్తారు కదా, అక్కడ లెక్క దొరకదా? అక్కడా చిక్కే. నెత్తురోడుతున్న మనిషి వస్తే డాక్టరు ముందు చూసేది ఊపిరే. అది న్యాయమే. ఆ తర్వాత మెడికో లీగల్ రిజిస్టర్లో 'ఆర్.టి.ఏ.' అని మూడక్షరాలు పడతాయి. లారీ గుద్దిందా, నడిచి వెళ్తున్నాడా, హెల్మెట్ ఉందా, ఏ మలుపు దగ్గర? చాలాసార్లు ఇవేవీ ఉండవు. తీసుకొచ్చినవాడు దారినపోయేవాడు. సాయం చేసినవారిని వేధించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినా, కోర్టుల చుట్టూ తిరగాలేమోనన్న భయంతో పేరు చెప్పకుండానే జారుకుంటాడు.

రాసేందుకు చోటు లేక కాదు. డాక్టర్లు వాడే అంతర్జాతీయ రోగాల వర్గీకరణ ఐసీడీ-10లో తలకు తగిలిన దెబ్బకు 'ఎస్' కోడు ఉంది. అది ఎలా తగిలిందో చెప్పడానికి 'వి' కోడు ఉంది. పాదచారికి వేరు, సైకిలు మీద వెళ్లేవారికి వేరు. మొదటిది వేస్తారు, రెండోది ఖాళీగా మిగిలిపోతుంది.

ఇక రిఫరల్ గొడవ. మండల కేంద్రం నుంచి జిల్లా ఆస్పత్రికి, అక్కణ్నుంచి నగరానికి. మూడుచోట్ల మూడు నంబర్లు. ఒక్క మనిషే ముగ్గురవుతాడు. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు పోతే రోడ్డు మరణంగానే లెక్కించాలి. కానీ ఇరవయ్యో రోజున న్యుమోనియాతో పోతే, కాగితం మీద న్యుమోనియానే మిగులుతుంది.

పోలీసు, రవాణా, రహదారులు, ఆరోగ్య శాఖల వివరాలను ఒకచోట చేర్చేందుకు 2021లో 'ఐరాడ్' మొదలైంది. తర్వాత అదే 'ఈ-డార్' అయింది. మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స పథకం 2025 మేలో వచ్చాక ఈ రికార్డుకు విలువ మరింత పెరిగింది. అయితే కంప్యూటర్ ఎంత గొప్పదైనా వివరాలు ఎక్కించే మనిషి కావాలి. రాత్రి రెండు గంటలకు క్యాజువాల్టీలో ఆ మనిషి ఎవరు?

నర్సుమీద మరో బరువు మోపితే పని జరగదు. పది ప్రశ్నల కాగితం ఒకటి, మర్నాడు వార్డులో రోగినో, బంధువులనో నెమ్మదిగా అడిగి రాసుకునే ఉద్యోగి ఒకరు ఉంటే చాలు. ఫలానా మలుపు దగ్గర్నుంచి నెలలో ఆరుగురు వచ్చారని తెలిస్తే అక్కడ వీధిదీపమో, స్పీడ్ బ్రేకరో పెట్టమని అడగొచ్చు. రాయకపోతే ఏడో మనిషి కూడా అక్కణ్నుంచే వస్తాడు.