తీరికవేళల తెలుగు

ఇంట కంప్యూటరు ముందర కూర్చుండి సొంత వెబ్‌సైటు కట్టుకొను విద్యార్థిని, చదువు చెడగొట్టుకొనుచున్నాడని మందలించుట మనకు పరిపాటి. నే నందుకు సమ్మతింపను. ఒకప్పుడు ఒక్కొక్క తెలుగు పత్రిక వెబ్‌సైటు ఒక్కొక్క ఫాంటు వాడెడిది. ఆ ఫాంటు లేనివారికి వార్త యంతయు పిచ్చిగీతలే. ఆ పాఠమును యూనికోడులోనికి మార్చు ‘పద్మ’ను నిర్మించినవారు వెన్న నాగార్జునగారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలిడినదియు ఆయనయే. ఎవరో జీతమిచ్చి నియమించిన పని కాదది.

2002లో హ్యూలెట్ పేకార్డ్ సంస్థ కుప్పములో కంప్యూటరు కేంద్రములు నెలకొల్పెను. ఆ పథకము కొన్నేండ్లకే ముగిసెను. తప్పుపట్టుట లేదు, కాని ఊరివాని సరదా పథకముతో ముగియదు.

పుంగనూరు పొట్టి ఆవులను సాకువారి మాటలు, తమిళ కన్నడముల నడుమ పెరిగిన కుప్పము పలుకుబడి, మదనపల్లె టమాటా మండీలోని బేరసారపు నుడులు పోగుచేసి తన పుటలో నుంచు కుర్రవాడు, పరీక్షలో మొదటివానికన్న నాకు తక్కువవాడు కాడు. ఒక్కటే నియమము: మాటలను బొమ్మలుగా గాక యూనికోడు అక్షరములుగానే వ్రాయవలెను, లేనిచో రేపు వెదకువానికి అవి సులభముగా దొరకవు. (టైపు నేర్పువారు లేరను సాకు వలదు, చేతిలోని ఫోనే చాలును.) ఉపాధ్యాయ మిత్రులారా, వచ్చు సెలవులకు ఒక్కొక్కరికి ఇరువది మాటలు అప్పగించి చూడుడు.