సైకిలు కొనేముందు మీ కాలిని కొలవండి

“రోజూ కాసేపు సైకిలు తొక్కండి” అని చెప్పడంతో తమ బాధ్యత తీరిందని మా వృత్తిలో చాలామంది భావిస్తారు. మందు పేరు రాసి మోతాదు రాయకపోవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. నడివయసు దాటినవారు, రక్తంలో చక్కెర పెరిగిందని తెలిసిన మరుసటి వారమే దుకాణానికి వెళతారు. ముందు చక్రానికి షాక్ అబ్జార్బర్లు, ట్రాక్టరు చక్రాలను తలపించే లావుపాటి టైర్లు గల సైకిలును ముచ్చటపడి తెచ్చుకుంటారు. రెండు నెలలు గడిచేసరికి అది బాల్కనీలో తువ్వాళ్ళు ఆరవేసుకొనే సాధనమవుతుంది. ఇందుకు వారి బద్ధకాన్ని నిందించడం తేలిక. నా అభిప్రాయం వేరు. అనేక సందర్భాలలో లోపం మనిషి సంకల్పంలో లేదు, ఆ సైకిలు ఎంపికలో ఉంది.

దుకాణంలో “ఏ సైజు?” అని అడిగితే 26 అనో, 27.5 అనో, 29 అనో చెబుతారు. అవి చక్రం కొలతలు. మీ శరీరానికి నప్పవలసినది ఫ్రేము. పెడళ్ళ మధ్యనున్న ఇరుసు నుండి సీటు గొట్టం పైచివర వరకు గల పొడవును బట్టి దానిని 15, 17, 19 అంగుళాలని గానీ, స్మాల్, మీడియం, లార్జ్ అని గానీ పేర్కొంటారు. మా కాలంలో నల్ల సైకిళ్ళు 22, 24 అంగుళాల ఫ్రేములతో వచ్చేవి. సైకిలు మనిషికి సరిపోవడం అటుంచి, మనిషే సైకిలుకు సర్దుకునేవాడు. నేడు ఆ అవస్థ లేదు. అయినా కొనేవారు రంగు చూస్తున్నారు, గేర్లు లెక్కపెడుతున్నారు, ఫ్రేము కొలత మాత్రం అడగడం లేదు.

ఎత్తును బట్టి ఫ్రేము సూచించే పట్టికలు ఉన్నాయి. అవి కొంతవరకే ఉపకరిస్తాయి. ఒకే ఎత్తు గల ఇద్దరిలో ఒకరికి కాళ్ళు పొడవు, మరొకరికి మొండెం పొడవు. కనుక చెప్పులు విడిచి గోడకు వీపు ఆనించి నిలబడండి. అట్ట గట్టిగా ఉన్న పుస్తకాన్ని తొడల నడుమ పైకంటా ఆనించి, దాని పై అంచు నుండి నేల వరకు కొలవండి. ఆ కొలతను 0.88తో గుణిస్తే పెడళ్ళ ఇరుసు నుండి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 78 సెంటీమీటర్లు వచ్చినవారికి అది సుమారు 69. మడమను పెడలుపై ఉంచి కిందికి తొక్కినప్పుడు కాలు నిటారుగా చాగాలి. అదే ఎత్తులో పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు తగినంత వంగి ఉంటుంది.

సీటును పైకీ కిందికీ జరుపుకోవచ్చు. ఫ్రేము పొడవును జరపలేము. కనుక కడ్డీకి ఇరువైపులా కాళ్ళు పెట్టి నిలబడి చూడండి. పాదాలు పూర్తిగా నేలకు ఆనినప్పుడు కడ్డీకీ శరీరానికీ మధ్య ఒకటి రెండు అంగుళాల ఎడం మిగలాలి. కూర్చొని హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి.

ఇంత చాదస్తం ఎందుకంటారా? సీటు తక్కువ ఎత్తులో ఉంటే తొక్కిన ప్రతిసారీ మోకాటి చిప్ప వెనుక ఒత్తిడి పెరిగి మోకాలి ముందుభాగం నొప్పి పుడుతుంది. మరీ ఎత్తయితే నడుము అటూ ఇటూ ఊగి, మోకాలి వెనుక, వెన్ను కింద నొప్పి వస్తుంది. హ్యాండిల్ దూరమైతే శరీరభారం అరచేతులపై పడి, మణికట్టు దగ్గర అల్నార్ నరం నలిగి, చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతాయి. మధుమేహులు దీనిని చక్కెర వల్ల వచ్చిన నరాల జబ్బనుకొని భయపడతారు. ఆ జబ్బు సాధారణంగా పాదాలతో మొదలవుతుంది. కొత్తగా సైకిలెక్కిన వ్యక్తికి ఆ రెండు వేళ్ళే మొద్దుబారితే నేను మొదట అనుమానించేది హ్యాండిల్‌నే.

మరొక మాట. ముందు కడ్డీ బాగా కిందికి వంగిన ఫ్రేమును ఆడవారి సైకిలని మగవారు చిన్నచూపు చూస్తారు. తుంటి పట్టేసిన, మోకాలు అరిగిన అరవై ఏళ్ళ పురుషుడు వెనుక కారియర్ మీదుగా కాలు ఎత్తి వేయబోయి పడి తొడ ఎముక విరగ్గొట్టుకోవడం కంటే, చీరకట్టుకు అనువుగా చేసిన ఆ ఫ్రేమే మేలు కాదా?

ఇక ఫోర్కు. ముందు చక్రాన్ని ఇరువైపులా పట్టి ఉంచే ఈ రెండు కాళ్ళలో స్ప్రింగు ఉంటేనే మంచి సైకిలన్న భ్రమ బాగా వ్యాపించింది. చవకరకం షాక్ ఫోర్కు రెండు, రెండున్నర కిలోలు తూగుతుంది. సాదా ఉక్కు ఫోర్కు బరువు సుమారు ఒక కిలో. ఆ స్ప్రింగు, మీరు ఫ్లైఓవరు ఎక్కుతూ బలంగా తొక్కినప్పుడల్లా కిందికీ పైకీ ఊగి మీ శ్రమలో కొంత మింగేస్తుంది. పోనీ చిన్న చిన్న కుదుపులనైనా అణచివేస్తుందా అంటే, చవకబారు సరుకులో ఆ గుణం తక్కువ. పాడేరు, అరకు కొండదారుల్లో రాళ్ళపై దిగేవారికి మంచి షాక్ ఫోర్కు అవసరమే. ఆఫీసుకూ రైతుబజారుకూ వెళ్ళేవారికి మడ్‌గార్డు బిగించడానికి రంధ్రాలున్న సాదా ఫోర్కు చాలు. మిగిలిన డబ్బు మంచి బ్రేకులకు, దీపాలకు వెచ్చించండి.

గతుకుల సంగతి ఏమిటని మీరు అడుగుతారు. జవాబు టైరులో ఉంది. గాలి నింపిన టైరును 1888లో బెల్‌ఫాస్ట్‌లో వాడుకలోకి తెచ్చిన జాన్ బాయ్డ్ డన్‌లప్ పశువైద్యుడు. కొడుకు మూడు చక్రాల బండి కుదుపులను తగ్గించడానికే ఆయన దానిని తయారుచేశాడు. వైద్యవృత్తి వారు సైకిలుకు చేసిన మేలుగా దానిని చెప్పుకోవడం నాకు ఇష్టం. అసలైన షాక్ అబ్జార్బరు నేటికీ అదే. పందెపు సైకిళ్ళ 25 మిల్లీమీటర్ల టైరు మన రోడ్లపై ఎముకలు కదిలిస్తుంది. కొండ సైకిళ్ళ ముళ్ళ టైరు తారురోడ్డుపై రొద చేస్తూ కాళ్ళను అలసింపజేస్తుంది. నా ఓటు 35 నుండి 42 మిల్లీమీటర్ల వెడల్పు, పైభాగం దాదాపు నునుపుగా ఉన్న టైర్లకు. హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు మార్గంపై ఏ టైరైనా సాగుతుంది. మీ వీధిలో మ్యాన్‌హోల్ మూతలు, ఎడాపెడా వేసిన స్పీడ్ బ్రేకర్లు, వానాకాలపు బురద ఉన్నాయి. అన్నట్టు, ఆ వెడల్పు టైరుపై మడ్‌గార్డు కూడా పట్టేంత ఖాళీ ఫోర్కులోను, వెనుక ఫ్రేములోను ఉందో లేదో కొనేముందే చూడాలి.

టైరు పక్కన అచ్చువేసిన అంకె గాలి గరిష్ఠ పరిమితి. అంత నింపి తీరాలని అర్థం కాదు. 40 మిల్లీమీటర్ల టైరుకు, 75 కిలోల మనిషికి, వెనుక 50, ముందు 45 పి.ఎస్.ఐ. దగ్గర మొదలుపెట్టి, అనుభవాన్ని బట్టి సరిచేసుకోవచ్చు. రిమ్ము అంచు నేలకు కొట్టుకుంటే కొంచెం పెంచండి, చేతులు జివ్వుమంటే కొంచెం తగ్గించండి. వారానికొకసారి పంపుతో సరిచూసుకోవాలి. టైరు మార్చేటప్పుడు వెడల్పుతోపాటు 622, 584, 559 వంటి మూడంకెల సంఖ్యను పాత టైరుపై చదివి అదే అడగండి. 29 అంగుళాల చక్రానికీ, 700 సి చక్రానికీ ఆ సంఖ్య ఒకటే, 622.

ఇప్పటికే షాక్ సైకిలు కొన్నవారు దానిని అమ్ముకోనక్కరలేదు. ఫోర్కుపై లాక్ మీట ఉంటే బిగించండి. ముళ్ళ టైర్లు తీసి, అదే చక్రానికి పట్టే నునుపు టైర్లు వేయించండి. షాక్ ఫోర్కు తీసి పొట్టి సాదా ఫోర్కు వేయిస్తామనే మెకానిక్ మాట మాత్రం వినవద్దు. ముందుభాగం కిందికి దిగి హ్యాండిల్ తిరిగే తీరు మారిపోతుంది, అదే పొడవు గల ఫోర్కు దొరికితేనే మార్చాలి. ముందుగా సీటు ఎత్తు సరిచేయండి, అందుకు ఒక స్పానర్ చాలు. నెల రోజులు తొక్కాక కూడా మోకాలి నొప్పి తగ్గకపోతే వైద్యునికి చూపించుకోండి. మెట్లెక్కితే గుండెలో బరువుగా అనిపించేవారు మాత్రం ఆ నెల ఆగకుండా, సైకిలెక్కకముందే వెళ్ళాలి.