శ్రీమంతులు వద్దన్న కుర్చీ

లాభం ఖాయమైన చోట పిలవకుండానే వచ్చి కూర్చోవడం, నష్టభయం ఉన్న చోట పిలిచి పీట వేసినా రాకపోవడం ధనస్వాముల నీతి. 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం 109 మార్గాలలో 151 ప్రైవేటు రైళ్లు నడపండని వారిని ఆహ్వానించినది. ఆదాయంలో వాటా ఇవ్వాలి, పట్టాల వాడకానికి రుసుము చెల్లించాలి అనేసరికి ఉత్సాహం చల్లారినది. 2021 జూలైలో తుది టెండర్లు తెరిస్తే మిగిలినవి రెండే సంస్థలు: ఒకటి ప్రభుత్వానిదే అయిన ఐ.ఆర్.సి.టి.సి., రెండవది హైదరాబాదుకు చెందిన మేఘా. మన సికింద్రాబాదు విభాగానికి ఒక్కరూ రాలేదు.

ఇదే నీతిని బస్తర్‌లో చూడండి. బైలదిల్లా ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చే కిరండూల్ మార్గాన్ని 1960 దశకంలో నిర్మించినది ప్రభుత్వమే. జగదల్‌పూర్–రావ్‌ఘాట్ మార్గానికై 2016లో బస్తర్ రైల్వే ప్రైవేట్ లిమిటెడ్ ఏర్పడినది. పేరుకే అది ప్రైవేటు, వాటాదారులు ఎన్.ఎం.డి.సి., సెయిల్, ఇర్కాన్, ఛత్తీస్‌గఢ్ ఖనిజాభివృద్ధి సంస్థ. ఆ వరుసలో ఒక్క కోటీశ్వరుడూ లేడు. 2025లో ఆ 140 కిలోమీటర్ల మార్గానికి 3,513 కోట్ల రూపాయలు మంజూరు చేసినది రైల్వే శాఖయే.

మరి నగర్‌నార్ సంగతి? అక్కడ ఏటా 30 లక్షల టన్నుల ఉక్కు కర్మాగారాన్ని ఎన్.ఎం.డి.సి. కట్టినది. 2023 ఆగస్టులో గాని కొలిమి రగలలేదు. కాని 2022 డిసెంబరులోనే 50.79 శాతం వాటాకు కొనుగోలుదారులను పిలిచారు! పట్టాలు వేసే కష్టం ప్రజలది, వండిన అన్నం వడ్డించేది షావుకార్లకా?

ప్రైవేటు పెట్టుబడి వస్తేనే సామర్థ్యం పెరుగుతుందని కొందరు పండితుల వాదన. లాభం లేని అడవి పల్లెకు ఉత్తరం మోసుకుపోయేది కొరియర్ కంపెనీయా, మన గ్రామీణ డాక్ సేవకుడా? సమాధానం తపాలా సోదరులకు తెలుసు.

శ్రీమంతుడు వద్దన్న కుర్చీ ఉండగా, అడగడానికి మనకేల సంకోచం? యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యానికి చర్యలు తీసుకోవాలని 1976లో 42వ సవరణ ద్వారా చేరిన రాజ్యాంగ 43ఏ అధికరణం రాజ్యానికి నిర్దేశిస్తున్నది. అర్ధశతాబ్ది గడిచినది, అది కాగితంపైనే ఉన్నది. రైల్వే కంపెనీల బోర్డులలో కార్మికులు ఎన్నుకున్న ప్రతినిధికి స్థానం ఇవ్వాలని మేము కోరుతున్నాము.

ప్రతి శాఖా ఈ కోర్కెపై తీర్మానం చేయాలి. రైలు నడిపేవాడు, ఉత్తరం చేర్చేవాడు తమ సంస్థ భవితవ్యాన్ని గుమ్మం బయట నిలబడి వినే రోజులు పోవాలి!