నెత్తిమీది కిటికీ

రేంజిఫైండరు కెమెరాకు వెడల్పు కటకం కొనదలచినవారు అడిగే ప్రశ్నలన్నీ కటకాన్ని గురించే ఉంటాయి. ఏ సంస్థది మేలు, ఎంత పదును, అంచుల్లో వెలుగు తగ్గుతుందా అని. ఆ కటకం చూసేదాన్ని తాము ఎక్కడినుంచి చూడబోతున్నారన్న సంగతి మాత్రం చేతిలో డబ్బు అయిపోయాక గుర్తుకు వస్తుంది. అప్పుడు చౌకగా దొరికినదేదో తెచ్చి కెమెరా నెత్తిన తగిలిస్తారు. ఇది తలకిందుల వ్యవహారమని నా అభిప్రాయం. ముందు దృశ్యదర్శిని, ఆ తరువాతే కటకం. (వ్యూఫైండరుకు దృశ్యదర్శిని అన్నది నేను పెట్టుకున్న పేరు. ఇంతకంటె మంచి మాట ఎవరైనా చెబితే సంతోషంగా మార్చుకుంటాను.)

విషయం తెలియనివారి కోసం ఒక్క మాట. ఎస్సెల్లార్ కెమెరాలో కన్ను కటకంలోనుంచే చూస్తుంది. రేంజిఫైండరులో కటకానిది ఒక దారి, కంటిది వేరొక దారి. కెమెరాలోని కిటికీలో తెల్లని గీతల చట్రాలు కనిపిస్తాయి; చిత్రం హద్దులు అవే. కాని వాటి వెడల్పుకు ఒక మితి ఉంది. 1954లో వచ్చిన లైకా ఎం3లో 50, 90, 135 మిల్లీమీటర్లకు మాత్రమే చట్రాలున్నాయి. 35కు చట్రం తరువాత వచ్చిన ఎం2లో చేరింది. 28కి 1980 ప్రాంతపు ఎం4-పి దాకా ఆగవలసి వచ్చింది. ఇక 25, 21, 15 అన్నామంటే లోపలి కిటికీ చేతులెత్తేస్తుంది. బెస్సా ఆర్4 కెమెరాల్లో 21 చట్రాన్ని సైతం లోపలే ఇమిడ్చారు గాని, అందుకోసం దృశ్యాన్ని 0.52 రెట్లకు, అంటే ఇంచుమించు సగానికి, కుదించవలసి వచ్చింది. 1999 నాటి బెస్సా-ఎల్ తయారుచేసినవారు మరీ నిజాయితీపరులు. అందులో కిటికీయే పెట్టలేదు, పైన తగిలించుకునే పాదుక మాత్రం ఇచ్చారు.

ఆ పాదుక మీద నిలిచే దృశ్యదర్శిని కటకానికి ఆరేడు సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. మన జ్యోతిషంలో గ్రహణగణితం చేసేవారు లంబనం, నతి అని రెండు సంస్కారాలు చెబుతారు. భూమధ్యం నుంచి చూసిన చంద్రుడు, భూమిపైన నిలబడి చూసిన చంద్రుడు ఒక్కచోట ఉండరు గనుక ఆ లెక్క. సూర్యసిద్ధాంతంలో దానికి ప్రత్యేకంగా ఒక అధికారమే ఉంది. నెత్తిమీది కిటికీకీ ఇదే చిక్కు. కన్ను చూసే పై అంచు కటకం చూసే పై అంచు కన్న ఆరేడు సెంటీమీటర్లు ఎగువన ఉంటుంది. దూరపు కొండకు ఈ తేడా లెక్కలోకి రాదు. దగ్గరి మనిషికి వస్తుంది.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. నా పదవీవిరమణ నాడు బడి వరండాలో ఉపాధ్యాయులందరినీ నిలబెట్టి ఫొటో తీశాను. వెనక్కి జరగడానికి చోటు లేక 25 మిల్లీమీటర్ల కటకం వాడాను. రెండు మీటర్ల దూరం. వెనుక వరుసవారు బెంచీ మీద నిలబడ్డారు. వారి తలలు చట్రం పైగీతకు సరిగ్గా ఆనేటట్టు, చుక్క చోటు వృథా కాకుండా, ఎంతో నేర్పుగా కూర్చానని మురిసిపోయాను. ఫిల్ము కడిగించి చూస్తే ఆ వరుసలో అందరికంటె పొడగరి, మా బడిలో ముప్ఫై ఏళ్ళు గంట కొట్టిన పెద్దాయన, కనుబొమల దాకానే ఉన్నాడు. ఆయన మాత్రం నవ్వి, “పోనీలెండి పంతులుగారూ, మొహం వచ్చింది గదా” అన్నాడు. రెండేళ్ళ తరువాత ఆయన కాలం చేస్తే, కొడుకు వచ్చి పటం కట్టించడానికి ఫొటో ఏదైనా ఉందా అని అడిగాడు. నా దగ్గర ఉన్నది అదొక్కటే. చివరికి రేషను కార్డు మీది బొమ్మను పెద్దది చేయించుకున్నారు.

అందుచేత నా మొదటి షరతు ఇది: దగ్గరి దూరానికి వేరే గీతగాని చుక్కలుగాని ఉన్న దృశ్యదర్శినిని ఎంచుకోండి. లేకుంటే, మీ కటకం చూసేదానికన్న కాస్త తక్కువ చూపేదాన్ని తీసుకోండి. 25 కటకానికి 28 చట్రం పెట్టుకుంటే చిత్రంలో నాలుగువైపులా కొంత అదనంగా వస్తుంది, అక్కరలేనిది కత్తిరించవచ్చు. 28 కటకానికి 25 చట్రం పెట్టుకుంటే పోయినది పోయినట్టే.

రెండవది కళ్ళద్దాలు. అమ్మేవారెవరూ దీన్ని ప్రస్తావించరు, నా వయసువారికి మాత్రం ఇదే ముఖ్యం. అద్దాలు పెట్టుకుని, తల కదపకుండా, నాలుగు మూలలూ ఒక్కసారిగా కనబడాలి. కన్ను అటూ ఇటూ జరిపితే తప్ప మూలలు కనబడని దృశ్యదర్శిని ఎంత పేరున్నదైనా మనకు పనికిరాదు. కంటివైపు అంచు వట్టి లోహమైతే అద్దం మీద గీతలు పడతాయి. రబ్బరు అంచు ఉండాలి. ఆల్బాడా అనే డచ్చివాని పేరుతో పిలిచే పద్ధతిలో చట్రం గీతలు ప్రతిబింబించి దూరాన గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తాయి. చత్వారం వచ్చినవారికి ఇది వరం. దూరపు చూపుతోనే దృశ్యమూ గీతలూ రెండూ తేటగా ఉంటాయి. గీతలు లేనివాటిలో కిటికీ అంచే హద్దు, కన్ను కదిలితే ఆ హద్దూ కదులుతుంది.

అన్నిటికీ ఒకటే సరిపోతుందని పలు నాభ్యంతరాల యంత్రాన్ని కొనేవారున్నారు. రష్యావారి తిరుగుడు దర్శినిలో 28, 35, 50, 85, 135 ఐదూ ఉంటాయి. ముచ్చటైన వస్తువు, కాని 28కి తిప్పితే దృశ్యం మరీ చిన్నది. లైకావారు 2006లో తెచ్చినది 16 నుంచి 28 దాకా ఐదు చూపుతుంది, దూరానికి తగిన సవరణ ఉంది, మట్టం చూసుకునే బుడగ కూడా ఉంది. దాని ఆకారం చూసి జనం ఫ్రాంకెన్‌ఫైండరు అని పేరు పెట్టారు. పేరు అన్యాయమేమీ కాదు. జేబులో పట్టే కెమెరా నెత్తిన మోటబావి గిలకను బిగించినట్టుంటుంది. ఒకే కటకం వాడేవారికి ఒకే చట్రం చాలు.

దృశ్యదర్శినిలో స్తంభాలు అంచున వంగి కనిపిస్తే కంగారు పడకండి, ఆ వంపు చిత్రంలో రాదు. డిజిటల్ కెమెరాలవారు మాత్రం లెక్క మార్చుకోవాలి: లైకా ఎం8లో 21 కటకం 28 చూసేంతే చూస్తుంది గనుక దానికి కావలసినది 28 చట్రమే.

ఇప్పటి డిజిటల్ రేంజిఫైండర్లలో తెరమీద కటకం చూసేదే కనబడుతుంది, ఈ బాధ ఎందుకు అంటారా? నిజమే, అక్కడ కనుబొమలు తెగవు. హద్దులు తప్పకూడదన్నదే మీ కోరికైతే తెరే వాడుకోండి. నాకు చట్రం బయటి లోకం కూడా కావాలి. ఎవరు లోపలికి వస్తున్నారో, ఎవరు దాటిపోతున్నారో గీత అవతల కనబడాలి. ఎఫ్/8 పెట్టి దూరాన్ని రెండున్నర మీటర్లకు కాస్త పైన నిలిపితే 25 కటకానికి 1.3 మీటర్ల నుంచి అనంతం దాకా తేటగా వస్తుంది; ఇక లోపలి కిటికీలో దూరం చూసుకునే పని కూడా ఉండదు.

నా 25 కటకం మీద ఇప్పుడున్నది 28 చట్రం. పాదుక వదులైతే జారిపోతుందని దానికి నల్లదారం కట్టి కెమెరా పట్టీకి ముడివేశాను. మనుమడు చూసి, ముక్కుతాడు వేశావా తాతయ్యా అని అడిగాడు.