కాస్మెటిక్ చార్జీలు పెరిగాయి సరే... మనం కొంటున్నదేమిటి?



మేము నలుగురం ఈ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉండి వెళ్లినవాళ్లం. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు, అందరిలాగే చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాం. కానీ ఒక ఆదివారం ఇక్కడికి వచ్చినప్పుడు చూసిన దృశ్యం మా మనసులోంచి పోలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ రోజు తలస్నానాల రోజు. బాత్రూంల వెనక కాలువ పూడిపోయి, నురుగు నీళ్లు వరండా మెట్ల దాకా వచ్చాయి. కామాటి అమ్మ చీర ఎగదోపుకొని, కర్రతో కాలువలోంచి ఏవో తీసి గట్టున పోస్తోంది. దగ్గరికి వెళ్లి చూస్తే అన్నీ షాంపూ ప్యాకెట్లే! మమ్మల్ని గుర్తుపట్టి నవ్వుతూ, "మీరున్నప్పుడు గూడ ఇంతే గద బిడ్డా" అంది. ఆమె మామూలుగానే అన్నది. మాకు మాత్రం తల కొట్టేసినట్లయింది. నిజమే. అయిదేళ్లు మేమూ ఆ కాలువలోనే పారేశాం. ఎవరు తీస్తున్నారో ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు.

లెక్క వేసి చూద్దాం

హాస్టల్లో వంద మంది ఉన్నారనుకుందాం. వారానికి మనిషికి రెండు ప్యాకెట్లు. ఏడాదిలో 40 వారాలు ఇక్కడే ఉంటాం. మొత్తం 8,000 ప్యాకెట్లు! ఇది ఒక్క హాస్టల్ లెక్క. ఇందులో నూనె ప్యాకెట్లు, క్రీము ప్యాకెట్లు కలపలేదు.

ఈ ప్యాకెట్ తయారీ చూస్తే చిన్నది కానీ, పారేశాక అది చేసే పని పెద్దది. పలుచని ప్లాస్టిక్ పొరలు, చాలావాటిలో అల్యూమినియం రేకు కూడా, ఒకదానికొకటి అతికించి దీన్ని చేస్తారు. ఆ పొరలను మళ్లీ విడదీయడం చాలా కష్టం. అందుకే పాత ఇనుపసామాన్ల వాళ్లు సీసాలు, డబ్బాలు కొంటారు గానీ ఈ ప్యాకెట్లు ముట్టుకోరు. మట్టిలో కలవదు, నీటిలో కరగదు. వంటగది వెనక కుప్ప పోసి కాల్చితే విషపు పొగ వస్తుంది. ఆ పొగ మన స్టడీ అవర్ గదుల్లోకే వస్తుంది.

పేదవాళ్లకు కూడా షాంపూ అందాలని ఈ ప్యాకెట్ పుట్టింది. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ అనే ఆయన మన దేశంలో షాంపూను చిన్న ప్యాకెట్లలో అమ్మడానికి ఆద్యుడిగా పేరు పొందారు. సీసా కొనలేని ఇంటికి రూపాయి ప్యాకెట్ ఒక వరమే. మా అమ్మలు కూడా అలాగే కొన్నారు. కాబట్టి ప్యాకెట్ కొన్నవాళ్లను మేము తప్పుపట్టడం లేదు. చేతిలో రూపాయే ఉన్నప్పుడు రూపాయి వస్తువే కొంటాం. కానీ ఇప్పుడు మన చేతిలో ఉన్నది ఒక్క రూపాయేనా?

మా కాలంలో 8, 9, 10 తరగతుల ఆడపిల్లలకు కాస్మెటిక్ చార్జీల కింద నెలకు 75 రూపాయలు ఇచ్చేవారు. 3 నుంచి 7 తరగతుల వాళ్లకు 55 రూపాయలే. సబ్బుకు సరిపోతే నూనెకు సరిపోయేవి కావు. తెలంగాణ ప్రభుత్వం 2024లో వీటిని పెంచింది. పెద్ద తరగతుల ఆడపిల్లలకు 275, చిన్న తరగతుల వాళ్లకు 175 రూపాయలు చేశారు. ఎంతోమంది విద్యార్థులు, సంఘాలు ఏళ్ల తరబడి అడగగా అడగగా పెరిగిన డబ్బు ఇది. ఈ డబ్బు ఆరోగ్యంగా, శుభ్రంగా ఉండటానికి ఉపయోగపడాలా? లేక మరిన్ని ప్యాకెట్లుగా మారి కాలువలోకి పోవాలా? మా ప్రశ్న ఇదే.

"తెల్లబడాలి" అనే జబ్బు

ప్యాకెట్ కన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది. తెల్లబడే క్రీము.

మాతో తొమ్మిదో తరగతిలో ఒక స్నేహితురాలు ఉండేది. పేరు రాయడం లేదు. చామనఛాయ, చక్కని కళ్లు, కబడ్డీలో మేటి. ఎవరో బంధువుల పెళ్లిలో "పిల్ల బాగుంది గానీ నలుపు" అన్నారట. అంతే, ఇంటి నుంచి వస్తూ ఒక ట్యూబు తెచ్చుకుంది. మందుల షాపులో అడిగితే ఇచ్చారట. మొదటి నెలలో నిజంగానే ముఖం తెల్లబడింది. మేమంతా అసూయపడ్డాం. ఆ ట్యూబు అడిగి రాసుకున్నవాళ్లమూ ఉన్నాం. మూడో నెలకల్లా ఎండలోకి వెళితే ఆమె ముఖం మండిపోయేది. చెంపల మీద నూగు మొలిచింది. రాయడం మానేస్తే మొటిమలు గుంపుగా లేచాయి. గ్రౌండుకు రావడం మానేసింది. చివరికి ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరమ్మ ట్యూబు చూసి, "ఇది అందానికి రాసుకునేది కాదమ్మా, స్టెరాయిడ్ మందు" అని చెప్పింది.

స్టెరాయిడ్ మందు డాక్టర్ చూసి, కొన్ని రోజులకు మాత్రమే రాసి ఇచ్చేది. 2018లో కేంద్ర ప్రభుత్వం పైపూతగా వాడే 14 రకాల స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. ఆదేశం ఉంది, అయినా మా స్నేహితురాలికి చీటీ లేకుండానే దొరికింది.

ఇంకొన్ని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కలుపుతారు. అది చర్మానికి రంగునిచ్చే పదార్థం తయారు కాకుండా అడ్డుకుంటుంది. అక్కడితో ఆగదు, చర్మం గుండా ఒంట్లోకి పోయి మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుంది. ముఖం కడిగినప్పుడు నీళ్లతోపాటు కాలువకు, కాలువ నుంచి చెరువుకు, చెరువులోని చేపకు చేరుతుంది. జపాన్‌లో మినమాటా అనే ఊరి సముద్రతీరంలో ఒక ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లోకి చేరింది. ఆ చేపలు తిన్న వేలమంది నరాల జబ్బుతో కుప్పకూలారు. ఆ జబ్బును 1956లో గుర్తించారు. ఆ ఊరి పేరుతోనే 2013లో పాదరసంపై అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. పాదరసం కలిపిన సౌందర్య సాధనాలను 2025 నాటికి పూర్తిగా ఆపేయాలని 2023లో ఆ ఒప్పంద దేశాలు నిర్ణయించాయి. చర్మానికి చెడ్డది నీటికీ చెడ్డదే అని దీన్నిబట్టి తెలుస్తోంది కదా!

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి చెప్పాలి. 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' కూడా 2020లో తన పేరులోంచి 'ఫెయిర్' అనే మాటను తీసేసుకుంది. డబ్బా మీద పేరు మారింది. మన మనసులో మారిందా? పొలంలో ఎండకు పనిచేసిన అమ్మల రంగు మనది. ఆ రంగు చూసి సిగ్గుపడితే ఆ అమ్మను చూసి సిగ్గుపడినట్లే కాదా? ఆలోచించండి.

కుంకుడుకాయ దగ్గరికి వద్దాం

"షాంపూ వద్దు, క్రీము వద్దు అంటే ఎలా అక్కా?" అని మీరు అడగవచ్చు. మన అమ్మమ్మల దగ్గర జవాబు ఉంది. కుంకుడుకాయ, సీకాయలో సహజంగానే నురుగునిచ్చే గుణం ఉంది. వాడాక మిగిలిన పిప్పి చెట్టు మొదట్లో వేస్తే మట్టిలో కలిసిపోతుంది. ప్యాకెట్ లేదు, కాలువ పూడదు. ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చిన చెల్లెళ్లకు ఇది బాగా తెలుసు. అక్కడి తల్లులు అడవిలో ఏరిన కుంకుళ్లు, సీకాయ సంతల్లోనూ, 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైన గిరిజన సహకార సంస్థకూ అమ్ముతారు. మనం కుంకుళ్లు కొంటే ఆ రూపాయి అలాంటి ఒక అమ్మ చేతికి చేరే దారి ఉంది.

అయితే అమ్మమ్మ చెప్పింది కదా అని కష్టాన్ని దాచిపెట్టడం మాకు ఇష్టం లేదు. కుంకుడు రసం కళ్లలో పడితే మంట. కాయ కొట్టాలి, గింజ తీయాలి, నానబెట్టాలి, పిసకాలి, వడగట్టాలి. ఇంట్లో అమ్మ చేసిపెడుతుంది. ఇక్కడ వంద మందికి ఆరు పంపులు, వేడినీళ్లు అంతంత మాత్రం. ఉదయం గంట కొట్టేలోపు స్నానం ముగించాలంటే ప్యాకెట్టే సుళువు. మేము ప్యాకెట్ వాడింది కూడా అందుకే.

దీనికి మాకు తోచిన ఉపాయం ఇది. ఒక్కొక్కరు కాకుండా గది గది కలిసి చేయాలి. శనివారం సాయంత్రం ఆటల పీరియడ్ తర్వాత కాయలు కొట్టి, గింజలు తీసి బకెట్లో చన్నీళ్లలో నానబెడితే చాలు, తెల్లవారేసరికి రసం దిగుతుంది. వేడినీళ్ల కోసం వంటమనిషిని బతిమాలక్కరలేదు. జుట్టు ఎండిపోకుండా అందులో నాలుగు మందార ఆకులు నలిపి వేయండి. రసం నిలవ ఉండదు, ఒకటి రెండు రోజుల్లో పులిసిపోతుంది. కాబట్టి ఆ వారానికి సరిపడా మాత్రమే చేసుకోవాలి. చుండ్రు, పేలు ఎక్కువగా ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పినట్లే వినాలి. ఏదో ఒక వారం కుదరకపోతే షాంపూ వాడండి, తప్పులేదు. కానీ గదికంతా కలిపి ఒక పెద్ద సీసా కొనండి. ఖాళీ సీసా పాత సామాన్లవాడు తీసుకుంటాడు, ఖాళీ ప్యాకెట్ తీసుకోడు.

'నేచురల్' అనే మాట చూసి మోసపోవద్దు

ఈ మధ్య బజారులో 'హెర్బల్', 'ఆర్గానిక్' అని ఆకుపచ్చ బొమ్మ వేసి 400, 500 రూపాయలకు అమ్ముతున్నారు. అవి కొనలేకపోతున్నామని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కరలేదు. పర్యావరణాన్ని కాపాడటం డబ్బున్నవాళ్ల పని మాత్రమే కాదు. తక్కువ వాడటం, పూర్తిగా అయిపోయేదాకా వాడటం, కలిసి కొనడం - ఈ మూడూ మనకు ముందే తెలుసు.

అలాగే సహజమైనదంతా మంచిదేనని కూడా అనుకోవద్దు. నిమ్మరసం నేరుగా ముఖానికి రాసి ఎండలోకి వెళితే చర్మం కాలినట్లు బొబ్బలెక్కవచ్చు. కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటుంది. చేతికి పెట్టగానే నల్లగా పండే మెహందీ కోన్లలో జుట్టుకు వేసే రంగు రసాయనం కలుపుతారు, దానివల్ల చేతులు బొబ్బలెక్కినవాళ్లు ఉన్నారు. చెట్టు గోరింటాకు నల్లగా పండదు, ఎర్రగా పండుతుంది. గుర్తుపెట్టుకోండి. ఏది కొన్నా తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, కలిపిన పదార్థాల పేర్లు ఉన్నాయో లేదో చూడండి. లేనివి కొనకండి.

ఇక వార్షికోత్సవం రోజు మేకప్ సంగతి. డ్యాన్సుకు ముస్తాబవడంలో తప్పేమీ లేదు, మాకూ ఇష్టమే. కానీ ఒకే లిప్‌స్టిక్, ఒకే కాటుక పుల్ల పదిమందికి తిప్పుతాం. మా పదో తరగతిలో అలాగే సగం గదికి కళ్లకలక వచ్చింది. ముఖానికి చల్లుకునే మెరుపుల పొడి ఎక్కువగా ప్లాస్టిక్కే. కడిగితే నేరుగా కాలువలోకే. కొన్ని మేకప్ సామాన్లకు మెరుపునిచ్చేది అభ్రకం. ఆంధ్రప్రదేశ్‌లో గూడూరు పేరు చెబితే అభ్రకం గనులే గుర్తుకొస్తాయి. జార్ఖండ్‌లోని కోడర్మా, గిరిడీహ్ ప్రాంతాల్లో బడికి పోవలసిన పిల్లలు మూతపడ్డ గనుల్లో అభ్రకం ముక్కలు ఏరుతున్న సంగతి ప్రపంచమంతా తెలుసు. మన ముఖం మీది మెరుపు వెనుక మనలాంటి పేదింటి పిల్ల చేతులున్నాయేమో!

ఈ కాలువ ఎటు పోతుంది?

చివరిగా ఒక్క మాట. హాస్టల్ గోడ దాటాక ఈ కాలువ ఎటు పోతుందో ఎప్పుడైనా చూశారా? మేము ఈసారి నడుచుకుంటూ వెళ్లి చూశాం. పల్లంలో ఉన్న వాడ వైపే పోతోంది. ఏ ఊరిలోనైనా మురుగు పారేది ఎక్కువగా మన ఇళ్ల వైపే. ఆ మురుగు ఎత్తేది కూడా మనవాళ్లే. 1927లో మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగే హక్కు కోసం డాక్టర్ అంబేద్కర్ వేలమందిని వెంట నడిపించారు. నీటి కోసం అంత పోరాడినవాళ్ల బిడ్డలం మనం. ఆ నీళ్లలోకి మన చేత్తోనే చెత్త పంపడం న్యాయమా?

కాబట్టి చెల్లెళ్లారా, మీ ముందు నాలుగు కోరికలు పెడుతున్నాం. ఒకటి, ఈ వార్షికోత్సవం నుంచి ప్యాకెట్లు మానేసి గదికొక సీసా గానీ, కుంకుడు రసం గానీ మొదలుపెట్టండి. రెండు, తెల్లబడే క్రీము ఏదైనా ట్రంకు పెట్టెలో ఉంటే ఇక రాయకండి. ఇప్పటికే చాలాకాలం రాసి ఉంటే ఊరికే ఆపేయకుండా ట్యూబు తీసుకొని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి డాక్టరుకు చూపించండి. మూడు, బాత్రూంల దగ్గర మూత ఉన్న ఒక చెత్తడబ్బా పెట్టించమని వార్డెన్ మేడమ్‌ను మెస్ కమిటీ తరఫున అడగండి. నాలుగు, పెరటిలో ఒక కుంకుడు మొక్క, ఒక గోరింట మొక్క నాటండి. ఆ మొక్కలు తెచ్చే బాధ్యత మాది. కుంకుడు కాయలు కాయడానికి ఏళ్లు పడుతుంది. అవి మీ తర్వాత వచ్చే చెల్లెళ్లకు అందుతాయి.

వచ్చే ఏడాది వార్షికోత్సవానికి మేము తప్పకుండా వస్తాం. ముందుగా వెళ్లేది స్టేజీ దగ్గరికి కాదు, బాత్రూంల వెనక కాలువ దగ్గరికి. ఆ రోజు కామాటి అమ్మ చేతిలో కర్ర ఉండకూడదు. ఆమె కూడా మనతోపాటు కుర్చీలో కూర్చుని మీ డ్యాన్సు చూడాలి.

ఇట్లు,
మీ అక్కలు
(పూర్వ విద్యార్థినులు)