నేరం ‘జ్ఞ’కారానిది కాదు

2018 ఫిబ్రవరిలో మన తెలుగక్షరానికి ప్రపంచమంతటా అపకీర్తి వచ్చింది. ‘జ్ఞా’ అనే సంయుక్తాక్షరపు ఒకానొక కూర్పు సందేశంలో వస్తే చాలు, ఐఫోన్‌లోని అప్లికేషన్లు కుప్పకూలేవి. పత్రికలు అక్షరాన్నే ముద్దాయిని చేసి శీర్షికలు పెట్టాయి. అదే నెల 19న యాపిల్ సంస్థ 11.2.6 అనే సవరణను విడుదల చేసింది. అక్షరం మారలేదు, దాన్ని తెరమీద కూర్చే ప్రోగ్రాము మారింది. నేరం ఎవరిదో అక్కడే తేలిపోయింది.

ఆ ప్రోగ్రాము యాపిల్ వారి సొంత సొత్తు. ఓపెన్ సోర్స్ కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, కంప్యూటర్ల భద్రత ప్రస్తావన వచ్చినప్పుడల్లా “ఊరికే వచ్చేదానికి భద్రత ఎక్కడిది?” అని పెదవి విరిచే పెద్దమనుషులు ఎక్కువయ్యారు. ఆడలేక మద్దెల ఓడన్నట్లుంది వీరి వరస. వీరి వాదాన్ని ఖండించడమే ఈ టపా ఉద్దేశం.

మనం నిత్యం చదివే తెలుగు సంగతే తీసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లలోను, లినక్స్ కంప్యూటర్లలోను ఫాంటు ఫైలును చదివి అక్షరరూపాన్ని గీసే పని ఫ్రీటైప్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీది. ఒక ప్రోగ్రాము ఇలా ఆనుకొని నిలిచే ఇతర భాగాలను ఇంగ్లీషులో ‘డిపెండెన్సీలు’ అంటారు. నేను ‘ఆలంబనాలు’ అంటాను. ఫ్రీటైప్‌లో ఒక భద్రతాలోపం ఉన్నదని, దుండగులు దాన్ని వాడుకుంటూ ఉండవచ్చని 2025 మార్చిలో ఫేస్‌బుక్ సంస్థ ప్రకటించింది. కొన్ని రకాల ఫాంట్లను చదివేటప్పుడు లెక్క తప్పి, కావలసినదానికన్నా తక్కువ జాగా కేటాయించి, ఆ హద్దు దాటి రాయడం ఆ లోపం. ఆ సందు చాలు, పరాయివాడు తన ఆజ్ఞలను మన యంత్రంలో నడిపించడానికి.

అసలు విషయం ఇక వినండి. ఆ లోపం 2.13.0, అంతకు ముందరి రూపాలలోనే ఉన్నది. ఫ్రీటైప్ నిర్వాహకులు 2023లోనే దాన్ని సవరించిన రూపాన్ని విడుదల చేశారు. సుమారు రెండేళ్ల తరువాత కూడా లెక్కలేనన్ని యంత్రాలలో పాతదే నడుస్తూ వచ్చింది. ఆండ్రాయిడ్‌కు ఆ సవరణ 2025 మే నెలలో చేరింది.

నా వృత్తి పరిభాషలో చెబుతాను. ఒక కావ్యంలో లేఖకదోషం దొర్లింది. పరిష్కర్త తాళపత్రాలను పోల్చి, దోషాన్ని సవరించి, పరిష్కృత ముద్రణ తెచ్చాడు. పైగా దాన్ని వెల లేకుండా అందరి ముందు పెట్టాడు. అయినా బడివారు పాత ముద్రణనే కొనసాగించి, పిల్లలు తప్పు వల్లిస్తే కవిని తిడితే ఎలా ఉంటుంది?

ఇది ఒక్క ఫ్రీటైప్ కథ కాదు. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్‌లో ఒక లోపానికి సవరణ వెలువడింది. అమెరికాలోని ఈక్విఫాక్స్ దాన్ని తన యంత్రాలన్నింటిలో అమర్చుకోలేదు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. ఇటు సొంత సాఫ్ట్‌వేరుకూ ఇదే గతి. అదే మార్చిలో మైక్రోసాఫ్ట్ విండోస్‌కు సవరణ ఇచ్చింది. మేలో వనాక్రై వచ్చి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను సైతం పట్టుకున్నది. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ రెండు నెలల ముందే మొరిగాయి. లేచినవాడు లేడు.

“పనిచేస్తున్నదాన్ని ఎందుకు కదిలించాలి? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది” అంటారు కొందరు. వీరి భయం పూర్తిగా నిరాధారం కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీ సరికొత్త రూపాలైన 5.6.0, 5.6.1లలోనే దొంగవాకిలి బయటపడింది. అలసిపోయిన ఒక నిర్వాహకుడి నమ్మకాన్ని ఏళ్ల తరబడి సంపాదించి ఎవరో చేసిన ద్రోహమది. కాని దాన్ని పట్టినదెలా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు అర సెకను ఆలస్యాన్ని అనుమానించి, లోతుకు పోయి తవ్వి చూడగలిగాడు కనుక. కనుక గుడ్డిగా కొత్తదాని వెంటపడడమూ కాదు, గుడ్డిగా పాతదాన్ని పట్టుకు వేలాడడమూ కాదు. తాను వాడేదేమిటో తెలిసి ఉండడం ముఖ్యం.

మా ఎమ్మిగనూరు నేతన్న నూలు తాను వడకడు. పత్తి ఒకచోట, వడుకు మరొకచోట, అద్దకం ఇంకొకచోట. అయినా మగ్గం మీద పోగు పుటుక్కుమంటే ఆ నూలు ఎన్నో నంబరుదో, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలడు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జె లోపం బయటపడినప్పుడు ఎన్నో పెద్ద సంస్థలు “అది మా దగ్గర ఉందా?” అన్న ప్రశ్నకే రోజుల తరబడి వెతుక్కున్నాయి. కోట్ల వ్యాపారానికి సాలెమగ్గానికున్న లెక్క లేకపోయింది!

మన పింఛన్లు, భూముల పత్రాలు, పిల్లల మార్కులు అన్నీ ఇప్పుడు ఈ పోగుల మీదనే వేలాడుతున్నాయి. సాఫ్ట్‌వేరులోని భాగాల జాబితా ఉంచుకోవాలని కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2024లో మార్గదర్శకాలు వెలువరించింది. సంతోషమే. అయితే జాబితా బీరువాలో పెట్టుకుంటే చాలదు. ప్రజాధనంతో కట్టే ప్రతి వ్యవస్థకూ, కట్టిన నాటి బిల్లుతోపాటు ఏటేటా ఆలంబనాలను సరిచూసే ఖర్చునూ టెండరులోనే రాయాలి. చెరువు తవ్వి పూడిక తీయకపోతే ఏమవుతుందో ఈ కరువుసీమ వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

మరొక్క మాట. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడే నాటికి అంతర్జాలంలో అత్యధికభాగం ఆనుకున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కొద్దిమంది చేతులమీద, అత్యల్ప విరాళాలతో నడుస్తున్నది. మాచాని సోమప్ప గారు ఈ ఊరిలో నేతకారుల సహకార సంఘం నెలకొల్పినది నేతగాడు ఒంటరిగా నిలవలేడని ఎరిగే. ఉమ్మడి నూలు వాడుకొని లాభం గడించేవారు ఆ నూలు వడికేవాడి ఆకలి కూడా ఉమ్మడిగా తీర్చాలి. అది దానం కాదు, తీర్చవలసిన బాకీ.

మిత్రులారా, ఓపెన్ సోర్స్ వల్లనే ఈనాడు మనం మన లిపిలో నిస్సంకోచంగా రాసుకుంటున్నాం. తప్పు దొరికితే నలుగురి ఎదుట ఒప్పుకొని దిద్దుకునే సంప్రదాయం దానిది. దిద్దిన ప్రతిని చేతికిచ్చినా తెరవనివాడిని వదిలి, దిద్దినవాడిని నిందించడం అన్యాయం. కాదనేవారుంటే వాదానికి సిద్ధంగా ఉన్నాను.